డల్సీ తల్లో నూనె

యూనా తొట్టిలో దిగి ఆకు తొక్కుతోంది. ఇనప తొట్టి ఆమె భుజాల దాకా వస్తుంది. పైనుంచి క్లెమ్ ఒక్కో మోపూ విప్పి, నూనె తీసే టీ ట్రీ చెట్టు రెమ్మలు లోపలికి వేస్తుంటే, ఆమె ముందు అంచుల వెంట, తర్వాత నడుమ, మడమలతో అదిమి తొక్కుతోంది. ఆకు వదులుగా ఉంటే ఆవిరి సందు చూసుకుని పైకి పోతుంది, నూనె ఆకులోనే మిగిలిపోతుంది. ఈ పని క్లెమ్ ఎప్పుడూ పెళ్ళానికే వదిలేస్తాడు. తను తొక్కితే తొట్టి అడుగు ఊడుతుందని వంక.

"ఇంకెన్ని పడతాయి?" అన్నాడు.

"నువ్వు కొట్టిన మోపులైతే ఎన్నైనా పడతాయి. అన్నీ పుల్లలే, ఆకేదీ?"

క్లెమ్ నవ్వబోయి ఆగిపోయాడు. చిత్తడి మీద వేసిన దుంగల దారిలో కూతురు వస్తోంది. బడి వదిలే వేళ కాలేదింకా. టోపీ తల మీద లేదు, రెండు చేతుల్లో పట్టుకుని నలుపుతోంది.

యూనా తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. "ఏమైందే?"

"ఏం లేదు."

"ఏం లేకుండానే ఇంత పొద్దుండగా వచ్చేశావా?"

డల్సీ తండ్రి వైపు చూసింది, తర్వాత తన కాళ్ళ వైపు చూసుకుంది. "వరండాలోకి ఎండొచ్చేసిందమ్మా. తల నొప్పెట్టింది."

"వరండాలో నీకేం పని?"

"మిస్ అక్కడే కూర్చోమంది. నా తల వాసనేస్తోందట. వాల్మా వాళ్ళమ్మ వచ్చి చెప్పింది, మా పిల్ల పక్కన కూర్చోబెట్టొద్దని."

"ఇవాళా?"

"కాదు. పోయిన వారం నుంచి."

యూనా తొట్టిలోంచి బయటికి రావడానికి కాలు ఎత్తింది కానీ, కాలు అంచు మీదికి రాలేదు. క్లెమ్ చంకల కింద చేతులు వేసి లేపాడు. పోయిన వారమంతా పొద్దున్నే పిల్లకి జడలు వేసి, రొట్టె మీద పంచదార పాకం రాసి కట్టిచ్చి, బడికి పంపుతున్నాననుకుంది. పంపింది వరండాకన్నమాట.

"మాతో ఎందుకు చెప్పలేదే?" అన్నాడు క్లెమ్.

"చెప్తే అమ్మ వస్తుంది. అమ్మ వస్తే అసలుకే మాన్పించేస్తారు. రోలండ్ వాళ్ళని మాన్పించలా?"

తొమ్మిదేళ్ళ పిల్ల లెక్క అది. తప్పు లెక్కేం కాదు. ఊళ్ళో బడికి వెళ్ళే గూరీ పిల్లలు, ఆ నేల మీద మొదట్నుంచీ ఉన్న తమలాంటి నల్లవాళ్ళ పిల్లలు, ఒకప్పుడు బెంచీ నిండా ఉండేవాళ్ళు. ఒకడి ముక్కు కారిందని, ఒకత్తె గౌను చిరిగిందని, తెల్లవాళ్ళెవరో ఒకరు వచ్చి మిస్ చెవిలో వేస్తారు. గూరీల మంచిచెడ్డలు తన చేతిలో పెట్టుకున్న సర్కారు బోర్డుకి మిస్ కబురు పెడుతుంది. మొత్తానికి మిగిలింది డల్సీ ఒక్కతే.

"బోర్డాయన వస్తాడట. వచ్చే శుక్రవారం. నా తల చూడ్డానికి" అంది డల్సీ.

బోర్డాయన రావడమంటే ఏమిటో వాళ్ళకి తెలుసు. క్లెమ్ అక్క కూతురి ఒంటి మీద పుండ్లున్నాయని, ఇంట్లో శుభ్రం లేదని, బోర్డాయన కారెక్కించుకుని తీసుకుపోయాడు. ఆ పిల్ల ఎక్కడుందో, ఉందో లేదో, క్లెమ్ అక్కకి ఈనాటికీ తెలియదు. కారు చప్పుడు వినపడితే ఆవిడ ఇప్పటికీ చేతిలో పని వదిలేసి గుడిసె వెనక్కి పోతుంది.

యూనా పొయ్యి సంగతి క్లెమ్‌కి వదిలేసి పిల్లని వెలుతుర్లో కూర్చోబెట్టింది. ఒళ్ళో తెల్లటి పిండి సంచీ పరిచి, జడలు విప్పి, పాయ పాయగా విడదీసి ఈరుపెన వేసి దువ్వింది. చెవుల వెనక చూసింది, మెడ మీద చూసింది. పేను లేదు, ఈపి లేదు. సంచీ మీద రెండు వెంట్రుకలు, ఒక ఆకు తునకా రాలాయి.

"వాసనంటే ఏం వాసనే?"

"ఈ నూనె వాసనే. మన నూనె."

యూనా పిల్ల నెత్తి మీద ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. వెచ్చటి తల తప్ప ఏమీ తెలియలేదు. ఏటి అవతలి నుంచి లోటీ అత్తని పిలిపించింది. క్లెమ్ తండ్రికి చెల్లెలు ఆవిడ, వాళ్ళందరిలోకీ పెద్దది. ఆవిడా వాసన చూసి ఏమీ తెలియలేదని పెదవి విరిచింది. క్లెమ్‌నీ చూడమన్నారు. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వంగి పిల్ల తల మూచూస్తుంటే డల్సీకి నవ్వొచ్చింది, పాపం.

నూనె బట్టీ దగ్గర పనిచేసే ఎవరికీ ఆ వాసన తెలియదు. కొత్తలో కళ్ళ వెంట నీళ్ళు కారతాయి, తర్వాత ముక్కు దాన్ని మర్చిపోతుంది. వాళ్ళ దుప్పట్లు, రొట్టెలు, గుడిసె గోడలు, వాళ్ళు కౌగిలించుకున్న పిల్లలు, అన్నీ ఆ వాసనే వేస్తాయి. ఊళ్ళోవాళ్ళకది దూరం నుంచే తెలుస్తుంది. యూనా ప్రతి ఆదివారం ఉడుము కొవ్వు కరిగించి, అందులో కాస్త నూనె కలిపి, పిల్ల కుదుళ్ళకి పట్టించేది. జుట్టు నల్లగా, బరువుగా, నిగనిగలాడుతూ ఉండేది. అంత శుభ్రమైన తల బడిలో ఇంకొకటి లేదని ఆమెకి లోలోపల గర్వం కూడా. ఊళ్ళో మాత్రం పేలో పుండ్లో వస్తే తప్ప ఆ సీసా మూత తియ్యరు. వాళ్ళ లెక్కలో ఆ వాసనే రోగం.

"నేనే చేశాను. ప్రతి ఆదివారం నా చేత్తో రాసి మరీ పంపాను" అంది యూనా.

"ఎవరి కోసం చేశావు, దాని మంచికే కదా" అంది లోటీ అత్త. "ఇప్పుడు మానెయ్, అంతే."

అంతే అనుకున్నారు. శనివారం యూనా ఊరికి నడిచివెళ్ళి కొట్లో లావెండర్ సబ్బు తెచ్చింది. డల్సీని ఏట్లో కూర్చోబెట్టి నురగ పోయేదాకా తోమింది, మళ్ళీ తోమింది. బట్టలు బూడిద నీళ్ళలో ఉడకేసింది. బట్టీ గాలి తగలకుండా పిల్లని ఏటి అవతల లోటీ అత్త గుడిసెకి పంపించేసింది. పంపేముందు, ముక్కు బాగా పనిచేసే మనిషి కావాలి కనుక ఆ దారిన పోతున్న పాల బండి కుర్రాణ్ణి ఆపి వాసన చూడమంది. వాడు సిగ్గుపడుతూ మూచూసి, "ఇంకా కొంచెం ఉందండీ" అన్నాడు. మళ్ళీ తోమింది.

ఆదివారం సాయంత్రం క్లెమ్ కూతుర్ని చూడ్డానికి ఏరు దాటి వెళ్ళాడు. డల్సీ పరిగెత్తుకుంటూ ఎదురొచ్చింది. క్లెమ్ రెండడుగులు వెనక్కి వేసి చేతులు వీపు వెనక పెట్టుకున్నాడు.

"అక్కడే ఆగు తల్లీ. అబ్బో, గవర్నరు గారి భార్యలా ఉన్నావే! మేం ముట్టుకుంటే మాసిపోతావు."

డల్సీ నవ్వింది. క్లెమ్ కూడా నవ్వాడు. చేతులు మాత్రం ముందుకి తేలేదు. దూరంగా కూర్చుని, బడిలో ఏం చెప్పారని అడిగాడు. డల్సీ వాల్మా సంగతి చెప్పింది. మధ్యాహ్నం అన్నాల వేళ వాల్మా వాళ్ళమ్మకి తెలియకుండా పుస్తకం తెచ్చి వరండాలో తన పక్కన కూర్చుంటుందట. ఇద్దరూ తలలు ఆనించుకుని చదువుకుంటారట.

"మంచి పిల్ల" అన్నాడు క్లెమ్.

బుధవారం సాయంత్రానికి డల్సీ తల గోక్కుంటోంది. లోటీ అత్త కబురంపింది. యూనా వెళ్ళి ఒళ్ళో సంచీ పరిచి ఈరుపెన వేసి దువ్వింది. మొదటి దువ్వుకే రెండు పేలు సంచీ మీద పడి పాకడం మొదలుపెట్టాయి.

ఆమె చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల పుట్టాక ఆ తల్లో పేను చూడటం అదే మొదటిసారి. నూనె ఉన్నన్నాళ్ళూ దగ్గరికి రాలేదు. శుభ్రంగా కనపడాలని నూనె కడిగేసింది, కడిగాక వచ్చి కూర్చున్నాయి. ఆమెకి ఏడుపు రాలేదు. వాటిని గోటితో నొక్కేసింది.

"గొరిగించెయ్" అంది లోటీ అత్త. "జుట్టేగా, మళ్ళీ వస్తుంది."

"వద్దు." యూనా గొంతు ఒక్కసారిగా లేచింది. "బోర్డు వాళ్ళు హోముకి తీసుకెళ్ళి పెట్టే పిల్లలకి గొరుగుతారు. గుండుతో కనపడితే, మనమే సిద్ధం చేసి పెట్టామనుకుంటాడు ఆయన."

"మరి నూనె రాస్తే వాసన. రాయకపోతే పేలు. ఏది కావాలో ఎంచుకో."

యూనా ఎంచుకోవడానికి అట్టే సేపు పట్టలేదు. ఇంటికి వెళ్ళి కొవ్వు కరిగించి నూనె కలిపి తెచ్చింది. పాయలు తీసి కుదుళ్ళకి అద్ది, చెవుల వెనక వేళ్ళతో రుద్ది, తల చుట్టూ గుడ్డ బిగించింది. తెల్లారి లేపి ఈరుపెనతో దువ్వింది. చచ్చిన పేలు సంచీ మీద నువ్వుల్లా రాలాయి. గురువారం పిల్లని బడికి పంపకుండా ఇంటికి తెచ్చేసుకుంది. ఒక్కొక్క వెంట్రుకా రెండు గోళ్ళ మధ్య పట్టి ఈపులు లాగింది.

మధ్యాహ్నం క్లెమ్ తొట్టి మూత చుట్టూ బంకమట్టి మెత్తుతుండగా గుర్రబ్బండి వచ్చి ఆగింది. మిసెస్ టలక్. ఊరవతల పాల పశువులున్న ఇల్లు ఆవిడది, బడి కమిటీలో కూడా ఉంది. పక్కన కూతురు వాల్మా, తలకి గట్టిగా రుమాలు కట్టి ఉంది.

"యూనా, కొంచెం నూనె కావాలి" అంది బండి దిగకుండానే. "దూడకి గజ్జి."

వాల్మా రుమాలు కిందికి వేలు పోనిచ్చి గోక్కుంది. తల్లి ఆ చేతి మీద చిన్నగా కొట్టింది.

పిల్లతో పాటు వచ్చిన లోటీ అత్త పెట్టె మీద కూర్చుని పొగాకు నలుపుతోంది. తల ఎత్తకుండానే, "దూడ బండెక్కి వచ్చినట్టుందే" అంది.

క్లెమ్ మట్టి చేతులతో అటు తిరిగిపోయాడు, నవ్వు కనపడకుండా. మిసెస్ టలక్ ముఖం ఎర్రబడింది. యూనాకి నవ్వు రాలేదు. వాల్మా చెవుల కింద చర్మం ఊడి తడిగా మెరుస్తుండటం ఆమెకి కనపడింది.

"ఏం రాశారు మిస్సెస్?"

మిసెస్ టలక్ కూతురి రుమాలు సర్దింది. "కిరసనాయిలు."

"ఎప్పుడు?"

"నిన్న. రాత్రంతా ఏడుస్తూనే ఉంది."

యూనా బండి దగ్గరికి వెళ్ళి చేతులు చాపింది. పిల్ల వెంటనే ఆ చేతుల్లోకి జారింది. తల్లి ఒక్క క్షణం పగ్గాలు పట్టుకుని ఉండి, తర్వాత తనూ దిగింది. కూర్చోవడానికి లోటీ అత్త పెట్టె ఒక్కటే ఉంది. అత్త దాని మీంచి లేవలేదు.

యూనా గోరువెచ్చటి నీళ్ళతో కిరసనాయిలు కడిగింది. కాలిన చోట ఉత్త కొవ్వు రాసింది. మిగతా తలకి డల్సీకి వేసిన దాంట్లో సగం నూనె మాత్రమే వేసి కలిపింది. లేత పసుపు జుట్టు పల్చగా ఉంది, కుదుళ్ళు గులాబీ రంగులో కనపడుతున్నాయి. మెల్లగా అద్దుతూ ఉంటే వాల్మా ఆమె మోకాలి మీద చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. డల్సీ వచ్చి పక్కన కూర్చుని స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. మిసెస్ టలక్ ఆ చేతుల వైపు చూసింది. విడిపించలేదు.

"ఈ వాసన పోతుందా?" అంది చివరికి.

క్లెమ్ చేతిలో మట్టి ఆగింది.

"వెనిగర్ నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగితే చాలావరకు పోతుంది" అంది యూనా. "కానీ ఇప్పుడే కడగకండి. ఈపులు చావవు. ఆదివారం దాకా ఉంచండి."

"ఆదివారం దాకానా? రేపు బడి ఉందే."

"అవును. రేపు బోర్డాయన వస్తాడు, మా పిల్ల తల చూడ్డానికి." యూనా ఈరుపెన గుడ్డకి తుడిచి పక్కన పెట్టింది. మిసెస్ టలక్ చేతి తొడుగులు సర్దుకుంది, విప్పింది, మళ్ళీ తొడుక్కుంది. కూతుర్ని బండెక్కించింది. వెళ్ళేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు.

బండి దుమ్ము అణిగాక క్లెమ్ విసురుగా వచ్చాడు. "వెనిగర్ సంగతి ఎందుకు చెప్పావే? చెప్పకపోతే రేపు ఆ పిల్ల తలా ఇదే వాసనేసేది. అప్పుడు చూసేవాళ్ళం తమాషా."

"అడిగింది. చెప్పాను."

"అడిగితే అన్నీ చెప్పేస్తావా?"

యూనా ఈరుపెన తీసుకుని కడగడానికి పోయింది. వెనిగర్ మాట నోరు జారి అన్నది కాదు. అయినా అన్నప్పటి నుంచి ఆమెని తొలిచేస్తోంది. దీనికోసం రేపు డల్సీ పోతే తనని తను ఎన్నటికీ క్షమించుకోలేదు.

శుక్రవారం యూనా ఉతికిన గౌను వేసుకుని కూతురితో బడికి వెళ్ళింది. ఎవరూ పిలవలేదు. లోపలికి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

బోర్డాయన లావుపాటి మనిషి, మాట నెమ్మది. కారు చెట్టు నీడలో పెట్టించాడు. పంతులమ్మ మిస్ పెట్రీ బల్ల పక్కన, కమిటీ తరఫున మిసెస్ టలక్ కిటికీ పక్కన కుర్చీలో. వాల్మా ముందు బెంచీలో టోపీ పెట్టుకుని కూర్చుంది. బడిలో టోపీ ఏమిటని మిస్ అడగలేదు, ఆ పిల్ల తల్లి అక్కడే ఉంది కనుక. వాల్మా తల వాసనేస్తోందో, వెనిగర్‌తో కడిగేశారో యూనాకి తెలిసే దారి లేదు. తన ముక్కు ఎందుకూ కొరగాదు. మిసెస్ టలక్ ముఖంలో వెతికింది. అక్కడా ఏమీ దొరకలేదు.

"ఆ పిల్ల ఏదీ?" అన్నాడు బోర్డాయన.

డల్సీ లేచి ముందుకొచ్చి నిలబడింది. ఆయన వంగాడు. ముక్కుపుటాలు అదిరాయి.

"వాసన నిజమే."

"పేలుంటేనే కదండీ ఆ నూనె రాసేది" అంది మిస్ పెట్రీ.

ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి దాని కొసతో జుట్టు పాయ పైకెత్తాడు. చేత్తో ముట్టుకోలేదు. ఒక చెవి వెనక చూశాడు, రెండో చెవి వెనక చాలాసేపు చూశాడు.

"ఇదిగో, ఈపి."

"చచ్చినదండీ అది" అంది యూనా గుమ్మం దగ్గర్నుంచి. "మొన్ననే పట్టాయి. అంతకు ముందెప్పుడూ లేవు. ఇక్కడే అంటుకున్నాయి."

"ఇక్కడా?" ఆయన నిటారుగా నిలబడ్డాడు. "ఈ బడిలోనా? ఎవరి దగ్గర్నుంచి?"

గదిలో పిల్లలందరూ వెనక్కి తిరిగారు. వాల్మా ఒక్కతే తిరగలేదు. టోపీ కింద మెడ ఎర్రగా కమిలి కనపడుతోంది. నిన్న ఈ వేళకి ఆ తల తన మోకాలి మీద ఉంది. పేరు చెబితే ఇప్పుడే, అందరి ముందూ, పెన్సిల్ కొస ఆ కాలిన చెవుల వెనక్కి పోతుంది. తొమ్మిదేళ్ళ పిల్ల నిలబడి ఉంటుంది, గది గదంతా చూస్తూ ఉంటుంది. అది ఎలా ఉంటుందో యూనా ఎదురుగానే చూస్తోంది.

"ఎవరి దగ్గర్నుంచి, అడుగుతున్నాను?"

యూనా నోరు మెదపలేదు. డల్సీ తల్లి వైపు చూసి తనూ పెదవులు బిగించింది.

"చెప్పడానికేం లేదన్నమాట" అన్నాడు బోర్డాయన, పెన్సిల్ జేబులో పెట్టుకుంటూ. "పిల్లని నాతో..."

కుర్చీ కర్రుమంది. మిసెస్ టలక్ లేచి నాలుగడుగుల్లో ముందు బెంచీ దగ్గరికి వచ్చి కూతురి టోపీ తీసేసింది. నూనె పట్టించిన జుట్టు నెత్తికి అతుక్కుని ఉంది. బోర్డాయన ముక్కుపుటాలు మళ్ళీ అదిరాయి. పక్క బెంచీ కుర్రాడు ముక్కు మూసుకున్నాడు. వెనిగర్ పెట్టలేదని యూనాకి అప్పుడు తెలిసింది.

"మా పిల్ల దగ్గర్నుంచి" అంది మిసెస్ టలక్. "ముందు వీళ్ళన్నయ్యకి పట్టాయి, తర్వాత దీనికి. దీని నుంచి ఆ పిల్లకి. నూనె రాయించుకొచ్చింది కూడా వాళ్ళ ఇంట్లోనే."

"కానీ మిసెస్ టలక్, మీరే కదా మొదట చెప్పింది..." అంది మిస్ పెట్రీ.

"నేనే చెప్పాను. తప్పు చెప్పాను."

ఆయన ఆవిడ వైపు, మిస్ వైపు, తన టోపీ వైపు చూశాడు. ఒక పిల్లని కారెక్కిస్తే రెండో పిల్లని కూడా ఎక్కించాలి, ఆ రెండో పిల్ల తండ్రి పాల సంఘానికి పెద్ద. "పిల్లలన్నాక పేలు రాకుండా ఉంటాయా" అన్నాడు, అదేదో తను పుట్టినప్పటి నుంచీ నమ్ముతున్న మాటలాగ. "జాగ్రత్తగా చూసుకోండి." కారు వెళ్ళిపోయింది.

మిసెస్ టలక్ కూతుర్ని తీసుకుని గుమ్మం దాటుతూ యూనా పక్కన అరక్షణం ఆగింది. యూనాకి ఆవిడ మీద కృతజ్ఞత కలగాలి. కలిగింది కూడా. ఆ వెనకే కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఆదివారం ఆదివారం తను కడిగి, దువ్వి, రాసిన తల శుభ్రమైనదని ఎవరూ నమ్మలేదు. తెల్లపిల్ల తల్లో పేలున్నాయని తెలిశాక నమ్మారు. ఆ కోపంతో ఎదురుగా నిలబెట్టి అడగడానికి ఎవరూ లేరు, మిస్ పెట్రీ తప్ప.

మిస్ పిల్లలందర్నీ పంపించేసి బల్ల సర్దుకుంటోంది. "డల్సీ సోమవారం నుంచి లోపల కూర్చోవచ్చు" అంది, చూడకుండానే.

"సరే మిస్." యూనా కదల్లేదు. "మరి బయట కూర్చున్న రోజుల పాఠాలు?"

"అవి అయిపోయాయి కదమ్మా. క్లాసు ముందుకి వెళ్ళిపోయింది."

"క్లాసుకి అయిపోయాయి. దీనికి అవ్వలేదు."

మిస్ పెట్రీ తల ఎత్తింది. యూనా ఈ గదిలో ఇంతవరకూ ఏదీ అడిగిన మనిషి కాదు. ఇప్పుడు లోపలికి వచ్చి, ముందు బెంచీలో కూర్చుంది. చిన్నపిల్లల బెంచీ, మోకాళ్ళు బల్లకి కొట్టుకున్నాయి. డల్సీని పక్కన కూర్చోబెట్టుకుంది. చేతులు బల్ల మీద పెట్టింది. వేళ్ళ సందుల్లో ఆకు పసరు నల్లగా ఉంది, దాచుకోలేదు.

"నాకు తొందరేం లేదు మిస్. బట్టీ వాళ్ళ నాన్న చూసుకుంటాడు."

మిస్ పెట్రీ కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. వచ్చి ఆదుకునే వాళ్ళెవరూ లేరు. సంచీ కింద పెట్టి, బీరువాలోంచి పుస్తకం తీసి, బల్లకి అటువైపు నిలబడి పేజీలు తిప్పింది.

"ఎంతవరకూ విన్నావు డల్సీ, బయట నుంచి?"

"మీరు కిటికీ మూసేసిన దాకా, మిస్" అంది డల్సీ.